ఈ రంగు ఎన్నాళ్ళుంటుంది?

పండుగనాడు కొత్త చొక్కా మీద పప్పుచారు ఒలికిందనుకోండి. అమ్మ వెంటనే సబ్బు పెట్టి రుద్దుతుంది. పసుపుపచ్చని మరక కాస్తా ఎర్రబడుతుంది! మీరు కంగారుపడతారు. అమ్మ మాత్రం కంగారుపడదు. చొక్కాను జాడించి ఎండలో ఆరవేస్తుంది. సాయంత్రానికి మరక దాదాపు మాయమవుతుంది.

సబ్బు తగిలి మరక ఎందుకు ఎర్రబడిందో మీకు తెలుసు. పసుపు లిట్మస్ లాగా ఒక సూచిక. క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. మరి ఎండలో ఆ రంగు ఎక్కడికి పోయింది? నీటితోపాటు ఆవిరైపోలేదు. పసుపులో కుర్కుమిన్ అనే పదార్థం ఉన్నది. కాంతి సోకి దాని అణువులు తెగిపోయాయి. తెగిన ముక్కలకు రంగు లేదు.

చొక్కా విషయంలో ఇది మనకు మేలే. కాని మీరు వారం రోజులు కూర్చొని నీటిరంగులతో ఒక బొమ్మ వేశారు, దానికి అద్దం కట్టించి అమ్మమ్మకు ఇచ్చారు, ఆమె దాన్ని కిటికీకి ఎదురుగా గోడకు తగిలించింది అనుకోండి. ఎండ ఆ బొమ్మను కూడా పప్పుచారు మరకలాగే చూస్తుంది. రెండేళ్ళ తర్వాత మీరు వెళ్ళి చూస్తే గులాబీలు తెల్లబడి ఉండవచ్చు. ఆకులు మాత్రం పచ్చగానే ఉండవచ్చు. ఎందుకిలా? ఏ రంగు ఉంటుందో, ఏది పోతుందో ముందే తెలుసుకోగలమా?

బొమ్మలు డ్రాయింగు మాస్టారి వ్యవహారం గదా, సైన్సు మాస్టారికి ఇందులో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. నీటిరంగులు నేర్చుకోవటంలో సగం చేతి సాధన, మిగతా సగం భౌతిక రసాయన శాస్త్రాలే. కొత్త రంగు ఏది చేతికి వచ్చినా దాన్ని ప్రయోగశాలలోని ఒక కొత్త పదార్థంలా పరీక్షించే అలవాటు చేసుకోండి. బొమ్మ బాగుంటుంది, పాఠమూ వస్తుంది.

రంగుబిళ్ళలో ఏమున్నది?

నీటిరంగులో ముఖ్యమైనవి రెండే పదార్థాలు. ఒకటి వర్ణకం, అంటే నీటిలో కరగని మెత్తని రంగుపొడి. రెండవది ఆ పొడిని కాగితానికి అంటిపెట్టే బంక. ఈ బంక తుమ్మజాతి చెట్లది. ఆఫ్రికాలోని సూడాన్ ప్రాంతం నుంచి వచ్చే గమ్ అరబిక్ దీనికి పేరుపొందింది. మన ఊరి చెరువుగట్టున తుమ్మచెట్టు నుంచి మీరు గిల్లి తెచ్చుకునే బంక దానికి దగ్గరి చుట్టమే. బిళ్ళ ఎండి పగలకుండా కొంచెం గ్లిసరిన్ గాని తేనె గాని కలుపుతారు. గ్లిసరిన్ కలపటం 1835లో లండన్‌లో విలియం విన్సర్, హెన్రీ న్యూటన్ అనే ఇద్దరి దుకాణంతో ప్రచారంలోకి వచ్చింది. అంతకు ముందు, సానరాయి మీద గంధపుచెక్కను అరగదీసినట్లు గట్టి బిళ్ళలను నీటితో అరగదీసుకోవలసి వచ్చేది. చవక రంగులలో వర్ణకం తక్కువగా ఉంటుంది. సుద్దవంటి తెల్లని పొడి కలిపి నింపుతారు. అందుకే వాటితో ఎంత పలుచగా వేసినా బొమ్మ మీద పాలు పోసినట్లు ఒక మసక కనపడుతుంది.

'కరగని పొడి' అన్నాను. ఆ మాట ముఖ్యం. ఉప్పు నీటిలో కరుగుతుంది. మట్టి కరగదు, తేలుతూ ఉండి కాసేపటికి అడుగున పేరుకుంటుంది. వర్ణకం మట్టివంటిది. స్కెచ్ పెన్నులోని సిరా ఉప్పువంటిది, కరిగిపోయే అద్దకపు రంగు. అద్దకపు రంగును ఒక తెల్లని పొడికి పట్టించి దాన్ని కూడా వర్ణకంగా వాడతారు. ఇటువంటి వర్ణకాలలో ఎండకు తట్టుకోలేనివి చాలా ఉన్నాయి.

ఇక కాగితం సంగతి. నీటిరంగుల పెట్టెలో తెలుపు బిళ్ళ ఉన్నా నేర్చినవారు దాన్ని అంతగా వాడరు. వారికి తెలుపు కాగితమే. కాంతి పలుచని రంగుపొరలోంచి కిందికి పోతుంది. కాగితం మీద పరావర్తనం చెంది అదే పొరలోంచి తిరిగి పైకి వస్తుంది. ఒకే పొరను రెండుసార్లు దాటుతుందన్నమాట. ఈ రాకపోకల వల్లనే మంచి నీటిరంగు చిత్రం లోపలినుంచి వెలుగుతున్నట్లుంటుంది. అందుకే లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగుకు పోవాలి. ముదురు రంగు పడిన తరువాత కాగితాన్ని తిరిగి తెల్లగా చేయటం కష్టం.

తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన రంగు ఆరగానే వెలవెలబోతుంది. మొదటిసారి కుంచె పట్టినవారందరూ దీనికి నిరాశపడతారు. ఇందులో రంగు తప్పు లేదు. తడి ఉన్నంతసేపు రేణువుల మధ్య ఖాళీలలో నీరు ఉంటుంది. ఆరితే ఆ ఖాళీలలోకి గాలి వస్తుంది. గాలికీ రేణువులకూ వక్రీభవన గుణకంలో తేడా ఎక్కువ. కనుక కాంతి పైపైననే చెదిరి తెలుపు కలుస్తుంది. తడిసిన ఇసుక నల్లగా, ఎండిన ఇసుక తెల్లగా కనపడటం కూడా ఇదే. కనుక కావలసినదానికన్నా ఒక పిసరు ముదురుగా వేయండి.

అంచున గీత ఎందుకు పడుతుంది?

ఒక తెల్లని ప్లేటులో ఒక చుక్క కాఫీ డికాషన్ వేసి కదపకుండా ఆరనివ్వండి. ఆరిన తరువాత మధ్యలో లేతగా, అంచున నల్లని వలయంగా మరక ఏర్పడుతుంది. శతాబ్దాలుగా అందరూ చూసిన ఈ వలయానికి సరియైన కారణం 1997లో షికాగో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు వివరించారు. చుక్క అంచు ప్లేటును పట్టుకొని కదలదు. పలుచగా ఉండే ఆ అంచున బాష్పీభవనం వేగంగా జరుగుతుంది. అక్కడ పోయిన నీటిని భర్తీ చేయటానికి మధ్యనుంచి నీరు అంచుకు పారుతుంది. పారుతూ రేణువులను మోసుకుపోయి అక్కడ కుప్పవేస్తుంది.

మీ బొమ్మలో ఆకాశం మధ్యలో అక్కరలేని గీత ఒకటి పడితే అది ఈ వలయమే. ఆకాశంలో సగం ఆరిన తరువాత మీరు మళ్ళీ తడి కుంచె పెట్టారన్నమాట. ఆకాశం వంటి పెద్ద పూత వేయాలంటే బోర్డును కొంచెం ఏటవాలుగా పెట్టండి. సరిపడా రంగునీరు ముందే ఒక గిన్నెలో కలిపి ఉంచుకోండి. కుంచె నిండా తీసుకొని పైన అడ్డంగా ఒక గీత గీస్తే దాని కింది అంచున నీరు పూసలాగా నిలుస్తుంది. ఆ పూసను అందుకుంటూ రెండవ గీత, మూడవ గీత గీయండి. పూస ఎక్కడా ఆరకుండా కిందివరకు తీసుకురావాలి. చివర మిగిలిన నీటిని పిండిన కుంచెతో పీల్చివేయాలి. మొదటి పదిరోజులు ఈ ఒక్క పని, అదీ ఒకే ఒక్క రంగుతో చేయమని నా సలహా. చెట్లూ కొండలూ తరువాత వేయవచ్చు.

ఇదే పనిని బ్లాటింగ్ పేపరు మీద చేసి చూడండి. పూస నిలవదు, రంగు ఎటంటే అటు పాకుతుంది. పోగుల మధ్య సన్నని సందులు కేశనాళికలలాగా నీటిని లాగివేస్తాయి. నీటిరంగుల కాగితానికి జెలటిన్ వంటి పదార్థం పట్టించి ఈ పీల్చే గుణాన్ని తగ్గిస్తారు. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే దళసరి కాగితమైతే ఉబ్బి వంకరపోదు. అది ఖరీదు. రోజువారీ సాధనకు డ్రాయింగు కాగితాన్ని పలకకు నాలుగువైపులా అంటించి వాడుకుంటే చాలు. డబ్బు మిగుల్చుకొని ఒక మంచి కుంచె కొనుక్కోండి.

పేరు ఒకటి, పదార్థం ఒకటి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దుకాణంలో కొత్త రంగు గొట్టం చూశారు. దాని మీద 'ఇండియన్ ఎల్లో' అని ఉన్నది. అంటే ఏమిటి?

19వ శతాబ్దంలో ఈ పేరుతో ఒక పసుపు వర్ణకం మన దేశం నుంచి ఇంగ్లండుకు పోయేది. అది ఎలా తయారవుతుందో అక్కడివారికి తెలియదు. 1883లో టి.ఎన్. ముఖర్జీ అనే ఆయన విచారించి, బీహారులో మాంఘీర్ దగ్గర ఒక పల్లెలో గోపాలకులు ఆవులకు మామిడాకులు మేపి వాటి మూత్రం నుంచి దీన్ని తీస్తున్నారని రాసి పంపాడు. ఆ తయారీ ఎన్నడో ఆగిపోయింది. ఈనాడు ఆ పేరుతో అమ్మేదానిలో ఆవూ లేదు, మామిడాకూ లేదు. అది కర్మాగారంలో తయారైన వేరే రసాయనం. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క రసాయనం.

కనుక రంగు పేరు చూసి మోసపోకూడదు. పేర్ల గందరగోళం తీర్చటానికి 'కలర్ ఇండెక్స్' అనే పెద్ద పట్టిక ఒకటి ఉన్నది. దీన్ని మొదట 1925లో బ్రిటన్‌లో అచ్చువేశారు. అందులో ప్రతి వర్ణకానికీ ఒక గుర్తు ఉంటుంది. పి.బి. 29 అంటే నీలి వర్ణకాలలో 29వది. పి.వై. అంటే పసుపు వర్ణకం, పి.ఆర్. అంటే ఎరుపు. గొట్టం వెనుక ఇంగ్లీషు అక్షరాలలో ఈ గుర్తు వెదకండి. మంచి కంపెనీలు దీన్ని, దానితోపాటు రంగు కాంతికి ఎంతవరకు ఆగుతుందనే అంచనాను అచ్చువేస్తాయి. పిల్లల కోసం అమ్మే పెట్టెల మీద చాలాసార్లు రెండూ ఉండవు. అప్పుడు మనకు ఎండే దిక్కు. ఆ పరీక్ష సంగతి కాసేపట్లో చెబుతాను.

ఎరుపులలో అలిజరిన్ క్రిమ్సన్ అని ఒకటి ఉన్నది. గుర్తు పి.ఆర్. 83. అందమైన రంగు. అలిజరిన్ మనకు కొత్తది కాదు. కృష్ణా డెల్టాలో పెరిగే చిరివేరులో ఉండేది ఇదే. బందరు వైపు అద్దకపువారు పటికతో కలిపి బట్టలకు ఎర్రరంగు పట్టించింది ఈ వేరుతోనే. 1868లో జర్మనీలో గ్రేబ్, లీబర్‌మన్ అనే రసాయనికులు తారు నుంచి వచ్చే ఆంథ్రసీన్‌తో అలిజరిన్‌ను తయారుచేశారు. బట్టపోగులలో పటికతో గట్టిగా పెనవేసుకొన్న ఈ ఎరుపు ఎన్ని ఉతుకులకైనా ఓర్చుకొంటుంది. కాని కాగితం మీద పలుచని నీటిరంగుగా వేస్తే వెలుగుకు పాలిపోతుంది. ఒకే అణువు, రెండు చోట్ల రెండు రకాల బతుకు! 1958 నుంచి అమ్మకానికి వచ్చిన క్వినాక్రిడోన్ జాతి ఎరుపులు దీనికంటే ఎంతో గట్టివి. మీకు గులాబీ రంగు కావాలంటే వాటిలో ఒకటి కొనుక్కోండి.

మాయమైన సాయంత్రం

విన్స్‌లో హోమర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1887లో ఒక నీటిరంగు చిత్రం వేశాడు. పొలంలో ఒక పల్లెటూరి కుర్రవాడు నిలబడి దూరంగా చూస్తుంటాడు. అతని వెనుక ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉన్నది. చాలాకాలం చూసినవారందరూ చిత్రకారుడే ఆకాశాన్ని అలా వదిలివేశాడనుకొన్నారు.

షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో సంరక్షకులు ఆ కాగితాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. ఆకాశంలో అక్కడక్కడ రంగురేణువులు మిగిలి ఉన్నాయి. వాటిని లేసర్ కిరణాలతో పరిశీలించి ఏ పదార్థాలో గుర్తించారు. వెలుగుకు ఆగని ఎర్రని వర్ణకాలు అవి. అంటే ఆ కుర్రవాడి వెనుక ఉన్నది తెల్లని ఆకాశం కాదు, ఎర్రని సూర్యాస్తమయం! 2008లో ఆ సంస్థ హోమర్ చిత్రాల ప్రదర్శన పెట్టి, పోయిన రంగులు ఎలా ఉండేవో కూడా జనానికి చూపింది. సంజె వెలుగులో ఇంటిదారి పట్టబోయే కుర్రవాడు మిట్టమధ్యాహ్నం నిలబడ్డట్లు కనపడితే చిత్రం అర్థమే మారిపోతుంది గదా.

ఆ చిత్రం వేసేనాటికే లండన్‌లో ఈ విషయం మీద పెద్ద వాదు నడుస్తున్నది. మ్యూజియంలోని నీటిరంగు చిత్రాలు వెలిసిపోతున్నాయని కొందరు, లేదని కొందరు పత్రికలకు ఉత్తరాలు రాశారు. చివరకు రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు పరిశోధన అప్పగించారు. వారు రంగులు పూసిన కాగితపు ముక్కలను గాజునాళాలలో పెట్టి నెలల తరబడి ఎండలో ఉంచారు. కొన్ని నాళాలలో మామూలు గాలి, కొన్నింటిలో తడిగాలి, కొన్నింటిలో పొడిగాలి. మరికొన్నింటిలో గాలి మొత్తం తీసివేశారు. 1888లో ఫలితాలు ప్రకటించారు. తడిగాలిలో రంగులు ఎక్కువగా పోయాయి. పొడిగాలిలో తక్కువ. గాలి లేని నాళాలలో చాలా రంగులు చెక్కుచెదరలేదు! కాంతి ఒక్కటే చేసే పని కాదిది. ఆక్సిజన్, తేమ కూడా చేయి కలుపుతున్నాయి. కాంతిలో కూడా ఎర్రని భాగం అమాయకమైనది. నీలం, ఊదా వైపు కాంతే ఎక్కువ నష్టం చేస్తున్నది. ఆ వైపు కాంతికి శక్తి ఎక్కువని మీరు చదువుకొన్నారు గదా.

ఇంత పద్ధతిగా చేసిన ప్రయోగాలు మీ పుస్తకాలలో కూడా తక్కువే. ఒక్కొక్కసారి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి, మిగిలినవన్నీ అలాగే ఉంచటం ఎలాగో ఇక్కడ నేర్చుకోవచ్చు.

కొన్ని అణువులు ఎందుకు తెగుతాయి? కుర్కుమిన్‌లో కర్బన పరమాణువుల మధ్య ఒకటి విడిచి ఒకటిగా జంట బంధాల వరుస ఉన్నది. ఆ వరుసలోని ఎలక్ట్రాన్లే కంటికి కనపడే కాంతిని కొంత మింగి మనకు రంగు చూపుతున్నాయి. కాంతిశక్తితో రెచ్చిన అణువు మీద ఆక్సిజన్ పడి వరుసను ఎక్కడ తెంపినా రంగు పోతుంది. మరి ఎర్రమట్టి? అందులో రంగు ఇనుము ఆక్సైడుది, అంటే ఒక రకం తుప్పు. తుప్పుకు ఇంకా తుప్పు పట్టించలేము. అందుకే భీమ్‌బేట్కా గుహలలో ఆదిమానవులు వేసిన ఎర్రని బొమ్మలు వేల ఏళ్ళు గడిచినా ఉన్నాయి.

నాలుగు నీలాలు

కొత్త రంగులు ప్రయత్నించాలని ఉత్సాహపడేవారికి నీలాలు మంచి పాఠం.

అల్ట్రామెరైన్ ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండలలో దొరికే లాజవర్ద రాయిని నూరి తీసేవారు. బంగారంతో సమానమైన ఖరీదు. అజంతా గోడల మీద కూడా ఈ రాతి నీలం ఉన్నది. దాన్ని చవకగా తయారుచేసినవారికి బహుమతి ఇస్తామని 1824లో ఫ్రాన్సులో ఒక సంఘం ప్రకటించింది. 1828లో గిమే అనే రసాయనికుడు ఆ బహుమతి అందుకొన్నాడు. తెల్లబట్టలకు పెట్టే పొడి నీలం ఈ పదార్థమే. రేణువులు పెద్దవి, కనుక గరుకు కాగితపు గుంటలలో చేరి గింజగింజలుగా కనపడుతుంది. మబ్బులకు, కొండలకు ఎంతో బాగుంటుంది. ఎండకు లొంగదు, కాని ఆమ్లం తగిలితే విరిగిపోతుంది.

ప్రష్యన్ బ్లూ 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. దీనిది విచిత్రమైన స్వభావం. వెలుగులో కొంత పాలిపోయి, చీకటిలో ఉంచితే గాలిలోని ఆక్సిజన్‌తో మళ్ళీ కోలుకొంటుంది. గాలి లేనిచోట ఇది మరింత తొందరగా పాలిపోతుంది. రసెల్, ఆబ్నీల ప్రయోగంలో మిగిలిన రంగులకు ఎదురు తిరిగినది ఇదే.

మూడవది థాలో బ్లూ. 1928లో స్కాట్లండులోని ఒక రంగుల కర్మాగారంలో తెల్లని పదార్థం ఒకటి తయారుచేస్తుంటే పాత్ర లోపలి పూత పగిలింది. ఇనుము తగిలి, ఎన్నడూ చూడని నీలి మలినం ఏర్పడింది. మరొకరైతే పారబోసి ఉండేవారు. అక్కడివారు దాచి పరీక్షించారు. ఇనుముకు బదులు రాగి పెట్టి చేసిన నీలం 1935లో బజారుకు వచ్చింది. పత్రహరితంలో మెగ్నీషియం చుట్టూ ఉన్నటువంటి వలయమే ఇందులో రాగి చుట్టూ ఉంటుంది. సేంద్రియ పదార్థమైనా ఎండకు గట్టిది. అచ్చు యంత్రాలలో వాడే లేతనీలపు సిరా కూడా ఇదే. రేణువులు అతి సన్ననివి కనుక కాగితంలో దిగబడి మళ్ళీ రాదు. కుంచె కొనతో రవ్వంత తీసుకొంటే గిన్నెడు నీళ్ళు రంగెక్కుతాయి.

నాలుగవది చిన్నది, 2009లో పుట్టింది. చెన్నైలో జన్మించిన మాస్ సుబ్రమణియన్ అమెరికాలో ఓరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఎలక్ట్రానిక్ పరికరాలకు పనికివచ్చే పదార్థాల కోసం ఆయన విద్యార్థి ఇట్రియం, ఇండియం, మాంగనీసు ఆక్సైడులను కలిపి 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చాడు. కొలిమి నుంచి మిరుమిట్లుగొలిపే నీలిపొడి బయటపడింది. మూడు మూలకాల పేర్లనుంచి అక్షరాలు తీసి దానికి ఇన్‌మిన్ బ్లూ అని పేరు పెట్టారు. కలర్ ఇండెక్సులో పి.బి. 86. ఇండియం అరుదైన లోహం కనుక ఖరీదు మనకు అందదు. అందలేదని దిగులుపడకండి. అల్ట్రామెరైన్ ఒక్కటి చేతిలో ఉంటే చాలా దూరం పోవచ్చు.

అల్ట్రామెరైన్‌ను నిమ్మపండు రంగు పసుపుతో కలపండి. వచ్చే ఆకుపచ్చ కొంచెం మాసినట్లు, ముదురు చింతాకులా ఉంటుంది. అదే పసుపును థాలో బ్లూతో కలిపితే వరినారులా కళకళలాడుతుంది. అల్ట్రామెరైన్ నీలంతోపాటు కొంత ఎరుపును కూడా పంపిస్తుంది. పచ్చకాంతిని మింగుతుంది. థాలో బ్లూ పచ్చను దాటనిస్తుంది. రెండు వర్ణకాలూ మింగకుండా వదిలిన కాంతి మాత్రమే మన కంటికి చేరుతుంది. ఇక అల్ట్రామెరైన్‌లో కాల్చిన మట్టిరంగు, అంటే బర్న్‌ట్ సియెన్నా, కలిపి చూడండి. శ్రావణమాసపు మేఘం వచ్చేస్తుంది. నల్లరంగు కొనవలసిన పని ఉండదు.

ఎండలో పరీక్ష

ఒక దళసరి కాగితం మీద మీ దగ్గర ఉన్న ప్రతి రంగుతోనూ ఒక అడ్డపట్టీ వేయండి. పట్టీ ఒక కొసన చిక్కగా మొదలై రెండవ కొసకు పోయేసరికి దాదాపు నీరుగా ఉండాలి. పలుచని పూతలోనే రంగు ముందుగా పోతుంది. ఒక పట్టీని ఏ రంగూ లేకుండా వదలండి, కాగితం తనంతట తాను పసుపెక్కితే అక్కడ తెలుస్తుంది. మరి నాలుగు పట్టీలు మీ ఇంటి రంగులతో వేయండి. పసుపునీరు, బచ్చలిపండ్ల రసం, మందారపువ్వు రసం, స్కెచ్ పెన్ను. ఇవి కొద్దిరోజులలోనే ఫలితం చూపుతాయి. మిగిలినవాటికి ఓపిక పట్టాలి.

ప్రతి పట్టీలోనూ సగం చిక్కని భాగం, సగం పలుచని భాగం మూతపడేటట్లు ప్రతి పట్టీ పైసగాన్ని పొడవునా దళసరి అట్టతో కప్పండి. అట్ట అంచు వెంబడి వెలుగు దూరకూడదు. దక్షిణపు కిటికీ అద్దానికి రంగువైపు బయటికి ఉండేలా అంటించండి. వెనుక ప్రారంభించిన తేదీ రాయండి. నెలకొకసారి అట్ట తీసి చూసి, నోటుపుస్తకంలో రాసుకొని, మళ్ళీ సరిగ్గా అదే చోట కప్పండి. ఆరు నెలలైనా ఉంచాలి. వర్షకాలం, ఎండకాలం రెండూ కలిస్తే ఇంకా మంచిది.

మ్యూజియాలలో దీనికి ఒక కొలబద్ద ఉన్నది. ఎనిమిది ఉన్నిపీలికలకు ఎనిమిది నీలపు రంగులు అద్ది పక్కపక్కనే అంటిస్తారు. మొదటిది అతి తొందరగా వెలుస్తుంది. ఆ తరువాతి ప్రతి పీలికా దాని ముందుదానికంటే దాదాపు రెండింతల కాలం నిలుస్తుంది. ఏ పీలికతోపాటు మన రంగు వెలిసిందో చూస్తే దాని గట్టితనం అంకెలలో తెలుస్తుంది. మీ పసుపు, బచ్చలి పట్టీలు అలాంటి కొలబద్దకు పల్లెటూరి తమ్ముళ్ళు.

ఎండలో పరీక్ష సాగుతుండగానే మరి మూడు చిన్న పరీక్షలు అరగంటలో చేయవచ్చు. పోస్టుకార్డంత కాగితం మీద వాటర్‌ప్రూఫ్ నల్ల సిరాతో గీత గీసి ఆరిన తరువాత దాని మీద రంగు వేయండి. గీత స్పష్టంగా కనపడితే ఆ రంగు పారదర్శకం. ఆరిన రంగు మీద తడికుంచెతో రుద్ది గుడ్డతో అద్దండి. కాగితం తెల్లబడితే తప్పు దిద్దుకోవచ్చు, లేకపోతే ఆ రంగుతో జాగ్రత్త. గరుకు కాగితం మీద నీళ్ళెక్కువగా వేసి ఆరనిచ్చి గింజ కడుతుందేమో చూడండి. కార్డు వెనుక పేరు, గుర్తు, తేదీ రాసి దాచుకోండి.

సొంతంగా రంగు చేయాలంటే ఎర్రమట్టి, అంటే ముగ్గుల అంచులకు పెట్టే జాజు, దానితో మొదలుపెట్టండి. మెత్తగా నూరి నీటిలో కలిపి, ఇసుక అడుగున దిగేదాకా ఒక నిమిషం ఆగి, పైన తేలే ఎర్రనీటిని మరొక గిన్నెలోకి వంచండి. అది పూర్తిగా పేరుకొన్న తరువాత నీరు తీసివేసి ఆరబెట్టండి. ఒక వంతు బంకపొడిని రెండు వంతుల వేడినీటిలో రాత్రంతా నాననిచ్చి వడకట్టండి. నాలుగు చుక్కల తేనె కలపండి. గాజుపలక మీద మట్టిపొడి, బంకనీరు కలిపి నూరాలి. ఆరిన తరువాత రంగు వేలికి అంటితే బంక చాలలేదు. పెచ్చులుగా పగిలితే బంక ఎక్కువైంది. ఒకటి మాత్రం చేయకండి. సింధూరంతో రంగు చేయకండి, అందులో సీసం ఉండవచ్చు. కుంచె కొనను నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు కూడా మానండి. కొన్ని గొట్టాలలో కాడ్మియం ఉంటుంది.

ఆరు నెలలు గడిచి అట్ట తీశాక మీ రంగులు రెండు గుంపులవుతాయి. నిలిచినవాటితో అమ్మమ్మకు బొమ్మ వేయండి. అద్దం కట్టించినా కిటికీ ఎదుటిగోడకు కాక వెలుగు తక్కువగా పడే గోడకు తగిలించమని చెప్పండి. మ్యూజియాలు కూడా నీటిరంగు చిత్రాల మీద 50 లక్సులకు మించి వెలుగు పడకుండా చూసుకొంటాయి. ఓడినవాటిని పారవేయనక్కరలేదు. వాటిని మీ బొమ్మల నోటుపుస్తకంలో వాడుకోండి. పుస్తకం మూసి ఉన్నంతసేపు ఆ పేజీలలో చీకటే కనుక, అక్కడ అలిజరిన్ గులాబీ చాలాకాలం ఎర్రగానే ఉంటుంది.